మామయ్యగారికి పడని కరెంటు

కొంతమందికి దుమ్ము పడదు. కొంతమందికి పాలు పడవు. కొంతమందికి సొంత చుట్టాలే పడరు. ఈ ఇంటి మామయ్యగారికి మాత్రం ఈ దేశం కరెంటు పడదు. షాక్ కొట్టిందా అంటే ఏనాడూ కొట్టలేదు. బిల్లు ఎక్కువొస్తోందా అంటే అదీ లేదు. ఒంటికి సరిపడదు, అంతే. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెతికినా నవ్వు కనపడేది కాదు. డాక్టరు ముందు కూర్చుని జబ్బు చెప్పుకునే మనిషిలా గొంతు తగ్గించి చెప్పేవారు.

"నూటపది వోల్టులమ్మా ఇక్కడ. దాన్ని కరెంటు అనకూడదు. కరెంటు కడిగిన నీళ్లు అనాలి."

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఏమనాలో తెలీక తలూపింది. తను ఈ దేశంలోనే పుట్టి, ఆ కడిగిన నీళ్లతోనే పెరిగిన పిల్ల మరి.

ఇక్కడికి రాకముందు వాళ్లంతా చాలా ఏళ్లు ఇంకో దేశంలో ఉన్నారు. అక్కడ ఇళ్లల్లో కరెంటు రెండొందల ముప్పై వోల్టులు. మామయ్యగారు అక్కడ డ్రైవింగ్ నేర్పే మాస్టారు. అత్తయ్యగారు ఓడల సరుకులకి బీమా చేసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఆ ఆఫీసువాళ్లు ఆవిణ్ణి ఈ దేశానికి బదిలీ చేసేసరికి ఇల్లంతా కదిలింది. మామయ్యగారు, అప్పటికింకా పెళ్లికాని కొడుకు, అత్తయ్యగారి కన్నతల్లి అమ్మమ్మగారు, అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. అక్కడ బండ్లు రోడ్డుకి ఎడమవైపు పోతాయి, ఇక్కడ కుడివైపు. "ఇన్నేళ్లు ఎడమ, ఎడమ అని అరిచిన నోటితో ఇప్పుడు కుడి అనలేను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఏమనుకుంటారు?" అని మామయ్యగారు ఆ ఉద్యోగానికి అక్కడే దండం పెట్టేశారు.

బయల్దేరే ముందు తెలిసినవాళ్లంతా చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పారు. కరెంటు వస్తువులు అమ్మేయండి, అక్కడ కరెంటు వేరు, ఇవి పనిచెయ్యవు అని. "ఇవి పనిచెయ్యకపోవడమేంటి? ఆ కరెంటు పనిచెయ్యదు అనండి," అన్నారీయన. బంగారంలాంటి సోఫాలు, మంచాలు, చెక్కబీరువాలు అమ్మేశారు. పాత గీజరు, టేబుల్ ఫ్యాను, పాటల మెషీను వెంట తెచ్చుకున్నారు. గోడల్లోంచి సాకెట్లూ స్విచ్చులూ ఊడదీశారు. ఆఖరికి స్నానాలగదిలో ఉన్న రెండు కుళాయిలు కూడా.

సామాను కట్టేవాడు బిత్తరపోయాడు. "కుళాయిలు కూడానా సార్?"

"కుళాయిలే ముందు," అన్నారు మామయ్యగారు.

ఇక్కడికొచ్చాక చేసిన మొదటి పని, ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేయించడం. నూటపదిని మింగి రెండొందల ముప్పైని కక్కే ఇనపపెట్టె అది. ముగ్గురు మనుషులు చెమటలు కక్కుకుంటూ మెట్లమీదుగా మోసుకొచ్చి, నడవలో, స్నానాలగది గుమ్మం పక్కన దించారు. దించినప్పట్నుంచి ఆగకుండా 'మ్‌‌మ్...' అని మూలుగుతూనే ఉంది. ఈ దేశంలో వేడినీళ్లు అందరిళ్లకీ గోడలోని గొట్టంలోంచి వాటంతటవే వస్తాయి, పిడి తిప్పడమే ఆలస్యం. మామయ్యగారు ఆ గొట్టానికి బిరడా కొట్టించేసి, దానిమీద తన పాత గీజరు, పాత కుళాయిలు బిగించారు. ఎడమది వేడి, కుడిది చల్ల.

"నాకు సవతిని తెచ్చారమ్మా," అని అత్తయ్యగారు కోడలికి ట్రాన్స్‌ఫార్మర్‌ని పరిచయం చేశారు. "పొద్దున లేస్తే నా మొహం చూడరు, దాని మొహం చూస్తారు. ఒంట్లో బాగుందా లేదా అని చెయ్యి పెట్టి చూస్తారు. నాకు జ్వరమొస్తే ఏనాడైనా అలా చూశారా?"

"నువ్వు మూలగవుగా," అన్నారు మామయ్యగారు గంభీరంగా.

కోడలికి మొదటి దెబ్బ వచ్చిన వారంలోనే తగిలింది. తలస్నానం చేసి, అద్దం పక్కనున్న మూడు కన్నాల సాకెట్టులో, సొరుగులో దొరికిన అడాప్టరు పెట్టి, తన జుట్టు ఆరబెట్టుకునే మెషీను తగిలించింది. అది నూటపదిది. సాకెట్టేమో మామయ్యగారి రాజ్యంలోది. ఒక్క కేక పెట్టింది చూడండి! కోడలు కాదు, మెషీను. గుప్పుమని పొగ, కమురు వాసన. ఇంట్లోవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. మామయ్యగారు తాపీగా వచ్చి దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, కాసేపు అలాగే నిలబడ్డారు.

"పోయింది," అన్నారు. "రెండొందల ముప్పైని తట్టుకోలేకపోయింది. చిన్న ప్రాణం పాపం."

"ఇంకోటి కొనుక్కుంటాలెండి మామయ్యగారూ," అంది కోడలు బిక్కమొహం వేసి.

"కొనుక్కో తల్లీ. కానీ ఈసారి గట్టిదాన్ని కొనుక్కో."

పొద్దుటిపూట ఆ ఇంట్లో గీజరు వెయ్యడమంటే మాటలు కాదు. గీజరు, కెటిలు ఒకేసారి వేస్తే మెయిన్ పడిపోతుంది. అందుకని మామయ్యగారు నడవలో నిలబడి, "వేస్తున్నా!" అని కేకేసేవారు. వంటింట్లోంచి అత్తయ్యగారు, "ఆగండి, టీ నీళ్లు!" అనేవారు. ఈయన ఆగేవారు. "తీశారా?" "తీశాం!" "అందరూ తీశారా?" "అబ్బ, తీశాం మహానుభావా!" అప్పుడు 'ఠప్' అని స్విచ్చు పడేది. గీజరు కాసేపు గురగురలాడి, పనైపోగానే 'టక్' అని తనంతట తనే ఆగేది. అంత హడావిడీ చేసి కాచిన నీళ్లు ఎలా ఉండేవంటారా? గోరువెచ్చగా. చలికాలంలో అయితే గోరు ఉండేది, వెచ్చన ఉండేది కాదు.

"ఇంకాస్త కాగితే బాగుంటుంది మామయ్యగారూ," అని ఒకసారి కోడలు ధైర్యం చేసింది.

"రెండొందల ముప్పైలో కాగిన నీళ్లు అలాగే ఉంటాయమ్మా. వేడి చర్మానికి తెలీదు. ఎముకకి తెలుస్తుంది."

అన్నిటికీ ఆ వోల్టులే. సబ్బుపెట్టె కుళాయికి ఎడమపక్కే ఉండాలి, కుడిపక్కకి పోతే వోల్టేజి పడిపోతుందట. స్నానాలగది గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా వెయ్యకూడదు, ఎర్తు సరిగ్గా దిగదట. నడవలో కుర్చీగానీ, చెప్పులుగానీ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి గాలి ఆడదట. ఇంట్లో ఏ తలుపైనా బార్లా తెరవాలి, లేదా పూర్తిగా వెయ్యాలి. సగం తెరిచి వదిలితే ఆయనకి పిచ్చికోపం వచ్చేది. "లైను చెడిపోతుంది! ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఆ తలుపు తనే వచ్చి వేసేవారు. తలుపుకీ కరెంటుకీ సంబంధమేంటని కోడలు మొగుణ్ణి అడిగితే, "నాన్న అంతే. అడక్కు, చెప్తారు," అన్నాడు భయంభయంగా.

ఆ ఇంట్లో ఈ గోలకి లొంగని మనిషి ఒక్కరే, అమ్మమ్మగారు. మనిషి బక్కపలచన. లావుపాటి కళ్లద్దాలు. నడక మాత్రం గీత గీసినట్టు. గదిలోంచి తిన్నగా నడవలోకి, నడవలోంచి తిన్నగా స్నానాలగదిలోకి. గోడ పట్టుకోవడం, ఎవరి చెయ్యైనా అందుకోవడం, ఆ ముచ్చటే లేదు. స్నానాల్లో మొదటి వంతు ఆవిడదే. లోపలికెళ్లి గడియ పెట్టుకుందంటే ఇంక ప్రపంచంతో పనిలేదు.

ఆ గడియ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మగారి అక్కగారు ఆఖరి రోజుల్లో మంచాన పడితే, స్నానం చేయించడానికి జీతానికి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి గిన్నెలు తోమినట్టు తోమేది. అక్కగారు నోరు మెదపకుండా మొహం గోడకి తిప్పుకునేది. అది కళ్లారా చూసొచ్చిన రోజున అమ్మమ్మగారు కూతురితో ఒకటే మాట అంది: "నా ఒంటిమీద నీళ్లు నేనే పోసుకోవాలి. అది పోయిన రోజు నేను పోయినట్టే లెక్క." అత్తయ్యగారు తక్కువ తిన్నారా? "నీకు ఏమాత్రం చేతకాకపోయినా ఆ క్షణమే నేను ఉద్యోగం మానేస్తాను, లేదా మనిషిని పెడతాను. బాత్‌రూములో పడిపోతే ఎవరిది పూచీ?" అన్నారు. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఒకే రక్తం. అప్పట్నుంచి అమ్మమ్మగారు తుమ్మాలన్నా కూతురు ఎదుట తుమ్మేది కాదు.

అల్లుడితో మాత్రం రోజూ కయ్యమే.

"ఏమయ్యా అల్లుడుగారూ, ఇవాళైనా కాగుతాయా నీళ్లు, లేక మంత్రం వెయ్యాలా?"

"మీ కాలపు వోల్టులండీ అవి అత్తయ్యా. మీకన్నా ముందే లేచి కూర్చున్నాయి. ఠప్‌మంది విన్నారుగా?"

"వినక చస్తానా? ఊరంతా విన్నది."

పేపరు కూడా ఆయన గట్టిగా, వీధి చివరిదాకా వినపడేలా చదివేవారు. ఎదురుగా కుర్చీలో అమ్మమ్మగారు పేపరు రెండో సగం ఒళ్లో పెట్టుకుని, ప్రతి వార్తకీ ఒక విసురు విసిరేది. "మనసులో చదువుకోండి నాన్నా," అని కొడుకు బతిమాలితే, "మనసులో చదివితే అరగదురా," అనేవారు.

పాటల మెషీనుది ఇంకో కథ. వోల్టుల్ని మార్చగలిగారు గానీ, కరెంటు నాడిని మార్చడం ఆయన వల్ల కాలేదు. ఆ దేశంలో కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది, ఇక్కడ అరవైసార్లు. దాంతో మెషీను వేగంగా తిరిగేది. నిద్రపుచ్చే పాట కూడా బస్సు తప్పిపోతోందన్నట్టు పరిగెత్తేది. "ఈ పాడేవాడికి ఇంటిదగ్గర ఏం మునిగిపోతోందయ్యా?" అనేది అమ్మమ్మగారు. అప్పుడు మాత్రం మామయ్యగారు ఓటమి ఒప్పుకుని తలదించుకునేవారు.

కోడలు కళ్లజోళ్ల కొట్టులో పనిచేసేది. ఇంటికొచ్చిన కొత్తలో సాయం చేద్దామని, "అమ్మమ్మగారూ, మా కొట్టుకి రండి, కళ్లు చూపించి కొత్త అద్దాలు వేయిస్తాను," అంది. అమ్మమ్మగారు నోరు తెరిచేలోపలే మామయ్యగారు ఒక్క అంగలో మధ్యలోకొచ్చారు.

"వద్దమ్మా! మీ కొట్టులో మెషీన్లన్నీ నూటపదివి. వాటికేం కనపడుతుంది?"

ఆ మాటతో కోడలికి ఒళ్లు మండింది. తనని అంటే పడేది, తన ఉద్యోగాన్ని అన్నారు. అప్పటికే చన్నీళ్ల స్నానాలతో రొంప పట్టుకుని, కొట్టులో తుమ్ములతో సగం అద్దాలు తనే మసకబార్చేస్తోంది. ఆ సాయంత్రమే అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లో తలుపేసుకుని మాట్లాడుకున్నారు. తలుపు పూర్తిగానే వేశారు లెండి.

"ఎల్లుండి ఆయన పన్ను పీకించుకోడానికి వెళ్తున్నారు," అన్నారు అత్తయ్యగారు. "నువ్వు సెలవు పెట్టు. బిల్డింగు మేస్త్రీని పిలిచి, ఆ గీజరు పీకించి, గోడ గొట్టానికి కొత్త కుళాయి పెట్టించెయ్. నేను ఆఫీసులో ఉంటాను, నాకేం తెలీదు."

"తిడతారేమో అత్తయ్యా."

"పన్ను పీకాక ఎలా తిడతారు? నోట్లో దూది ఉంటుందిగా!"

అనుకున్నట్టే ఆయన అటు వెళ్లారు, ఇటు మేస్త్రీ వచ్చాడు. ఆ బిల్డింగులో కరెంటు, కుళాయిలు రెండూ చూసేది అతనే. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. దానికి అంటుకున్న వైర్లు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఇది ఎవరు పెట్టించారమ్మా?"

"మా మామయ్యగారు."

"ఆయన ఉన్నారా?"

"ఇంట్లో లేరు."

"అది కాదమ్మా. ఇది పెట్టాక కూడా ఉన్నారా అని."

పని తొందరగానే అయిపోయింది. గీజరు దిగింది. రెండు కుళాయిలు పోయి వాటి చోట తళతళలాడే ఒంటిపిడి కుళాయి వచ్చింది. ఎడమకి తిప్పితే కుతకుతలాడే నీళ్లు, కుడికి తిప్పితే చన్నీళ్లు, ఎంత తిప్పితే ఎంత వేడో కంటితో చూసుకోడానికి గీతలు. గదిలోంచి అమ్మమ్మగారు "ఏమిటా చప్పుడు?" అని అడిగితే, "చిన్న రిపేరండీ. ఇవాళ అది అయ్యాకే మీ స్నానం," అంది కోడలు. ఆవిణ్ణి కూడా వేణ్ణీళ్లతో ఆశ్చర్యపరుద్దామని దాని సరదా. వెళ్లేముందు మేస్త్రీ ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చు తీసేశాడు. ఆ మూలుగు ఆగిపోయింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని కోడలికి అప్పుడే తెలిసింది.

కాసేపటికి అమ్మమ్మగారు భుజాన తువ్వాలేసుకుని గదిలోంచి బయటికొచ్చింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తల ఒక పక్కకి వంచింది. ఎప్పుడూ గీత గీసినట్టు నడిచే మనిషి, అటు తిరిగింది, ఇటు తిరిగింది, వంటింటి వైపు రెండడుగులు వేసి, ద్వారబంధం భుజానికి తగిలితే వెనక్కి జరిగింది. చెయ్యి ముందుకి చాచి, వేళ్లు విడదీసి, గాలిలో తడిమింది.

వంటింట్లో కప్పు కడుగుతున్న కోడలు అది చూసింది. చూసి, కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి దానికి తెలుసు. కొట్టులో రోజూ చూసే చెయ్యే. కొత్త ఫ్రేము పెట్టుకోడానికి పాత అద్దాలు తీసిన మనుషులు బల్లమీద అలాగే తడుముకుంటారు. కానీ అమ్మమ్మగారి మొహాన అద్దాలు ఉన్నాయి.

ఈలోపల అమ్మమ్మగారు గోడ పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లిపోయింది. కోడలికి కొత్త కుళాయి గుర్తొచ్చింది. కప్పు అక్కడే పడేసి పరిగెత్తింది. లోపల ఆవిడ ఎడమచెయ్యి పాత కుళాయి కోసం వెతుకుతోంది. పిడి తగిలింది. తిప్పింది. ఆవిరి గుప్పుమంది. రెండో చెయ్యి నీళ్ల కిందకి పోతుంటే కోడలు ఆ చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజి, నీళ్లు కట్టేసింది. వేళ్ల చివరలు ఎర్రబడ్డాయి, అంతవరకే అయింది.

ఇద్దరూ ఎదురెదురుగా, జానెడు దూరంలో నిలబడ్డారు. కోడలి మొహంలోకే చూస్తూ అమ్మమ్మగారు అడిగింది.

"ఎవరది?"

కోడలు, "నేనే అమ్మమ్మగారూ," అంది. ఆవిడ వేళ్లని చన్నీళ్ల కింద పెట్టి, వదలకుండా పట్టుకుంది. దాని కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆవిడకి కనపడవు గనక తుడుచుకోలేదు.

"నువ్వా," అంది అమ్మమ్మగారు. "సరే, తెలిసిపోయింది నీకు. మీ అత్తయ్యకి చెప్పకు. చెప్పావంటే రేపట్నుంచి ఆ గది గడియ నా చేతిలో ఉండదు."

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఆ దేశంలోనే మొదలైంది. ఇక్కడికొచ్చేసరికి పూర్తిగా పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. చెవులు ఉన్నాయిగా, లాక్కొచ్చేస్తున్నాను." కాస్త ముందుకి వంగింది. "మీ మామగారికి కూడా చెప్పకు. ఆయనకి అసలు తెలీదు. తెలిస్తే పెళ్లాం దగ్గర దాచలేడు, వెర్రిబాగులవాడు."

మధ్యాహ్నానికి మామయ్యగారు వచ్చారు. ఒక దవడ బూరెలా ఉబ్బి ఉంది, నోట్లో దూది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగి విన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ మూలగడం లేదు. ఆయన మొహంలో రంగు పోయింది. చెప్పులతోనే నడవలోకి పరిగెత్తి, స్నానాలగదిలోకి తొంగి చూసి, కొత్త కుళాయి మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగారు. తిట్లు పడతాయని కోడలు సిద్ధంగా ఉంది. ఆయన దూది ఉమ్మేసి అడిగిన మొదటి మాట:

"ఆవిడ ముట్టుకున్నారా?"

"వేళ్లే. నేను లాగేశాను. పడుకున్నారు." ఆ ప్రశ్నతో కోడలికి వెలిగింది. "మామయ్యగారూ, అమ్మమ్మగారికి... మీకు తెలుసా?"

"గట్టిగా అనకు. ఆవిడకి తెలీదు."

"ఏం తెలీదు?"

"నాకు తెలుసని."

ఇద్దరూ నడవలో నేలమీదే కూర్చున్నారు, ఆ మూగబోయిన పెట్టెకి ఆనుకుని. దవడ నొప్పికి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని మామయ్యగారు చెప్పుకొచ్చారు. ఆ దేశంలో ఉండగా, కంటి డాక్టరు దగ్గరికి అమ్మమ్మగారిని తనే కార్లో తీసుకెళ్లారట. తోడు రావద్దని ఆవిడొక్కతే లోపలికెళ్లింది. బయటికొచ్చి, "భేషుగ్గా ఉన్నాయన్నాడు," అని, హుందాగా నడుచుకుంటూ వెళ్లి, ఎవరిదో కారు తలుపు తీసి అందులో కూర్చుంది.

"మీరేం చేశారు?"

"ఏం చేస్తాను? ఆ కారాయన కాళ్లు పట్టుకున్నంత పనిచేసి, ఈవిడతో, 'అత్తయ్యా, ఈ బండిలో ఏసీ పాడైంది, పక్కబండిలోకి పదండి' అన్నాను. తర్వాత డాక్టర్ని కలిశాను. పోయిన చూపు తిరిగి రాదన్నాడు." దవడ నొక్కుకున్నారు. "ఈలోపల ఈ బదిలీ వచ్చి పడింది. ఇన్నేళ్ల ఇల్లు ఆవిడ చేతివేళ్లకి తెలుసు. ఏ స్విచ్చు ఎక్కడ, ఏ కుళాయి ఎటు, అన్నీ. కొత్త ఇంట్లో ఏం చేస్తుంది? ఎవరో ఒకరు చెయ్యి పట్టుకు నడిపించాలి. అందుకని తీసుకురాగలిగినంత తెచ్చేశాను."

"ట్రాన్స్‌ఫార్మర్ కూడా దానికేనా?"

"లేకపోతే గీజరు ఎలా పనిచేస్తుంది? ఠప్‌మంటే పెట్టారని, టక్‌మంటే కాగాయని ఆవిడకి తెలియాలి. కాలకుండా వేడి బాగా తగ్గించి పెట్టాను. మీకందరికీ చన్నీళ్లే గతయ్యాయి. తప్పే. అయితే ఆ పెట్టె మూలుగుతుందని నాకు ముందు తెలీదు. ఆ మూలుగు పట్టుకుని ఆవిడ తిన్నగా నడిచి రావడం చూశాక, ఇంక ఒక్కపూట కూడా ఆపలేదు."

సబ్బుపెట్టె, పట్టా, నడవలో చెప్పులు, సగం తెరిచిన తలుపులు. కోడలు ఒక్కొక్కటే తలుచుకుని, తనలో తను ఎన్నిసార్లు ఈయన్ని పిచ్చాయన అనుకుందో గుర్తొచ్చి సిగ్గుపడింది. "నిజం చెప్పి ఉంటే అందరం జాగ్రత్తగా ఉండేవాళ్లం కదా మామయ్యగారూ! ఊళ్లో అందరూ మిమ్మల్ని పిచ్చివాడంటుంటే..."

"అంటే ఏం పోయింది? మామగారికి పిచ్చి అంటే ఇల్లంతా నవ్వుతుంది. అమ్మమ్మగారికి కళ్లు లేవంటే ఇల్లంతా ఆవిణ్ణి మోస్తుంది. మోయించుకోవడం ఆవిడకి ఇష్టం లేదు." పెట్టె మీద చెయ్యి వేశారు. "డ్రైవింగ్ నేర్పే కార్లో నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేదమ్మా. అవసరమైతే మెల్లగా తొక్కేవాణ్ణి. కానీ నేను తొక్కానని నేర్చుకునేవాళ్లకి తెలిస్తే, వాళ్లింక జన్మలో బండి నడపరు."

కోడలు కళ్లు తుడుచుకుని లేచి, మేస్త్రీకి ఫోను చేసింది.

"కొత్తది పీకేసి పాతది పెట్టాలా?" అన్నాడు మేస్త్రీ. "పొద్దున బాగానే ఉన్నారు కదమ్మా మీరు!"

సాయంత్రం అత్తయ్యగారు ఆఫీసునుంచి ఉత్సాహంగా వచ్చారు. నడవలో సవతి 'మ్‌‌మ్' అంది. ఆవిడ గుడ్లప్పగించి చూసి, కోడలి వైపు తిరిగారు.

"ఏమైంది? దొరికిపోయావా?"

"లేదత్తయ్యా. నేనే తిరిగి పెట్టించాను. ఆ వేణ్ణీళ్లు నాకు పడలేదు," అంది కోడలు. మొహంలో నవ్వు రాకుండా ఆపుకోవడం ఎంత కష్టమో దానికప్పుడే తెలిసొచ్చింది. "ఒంటికి సరిపడలేదు."

అత్తయ్యగారు దాని నుదుటిమీద చెయ్యి పెట్టి చూశారు. "అయ్యో నా ఖర్మా, నీకూ అంటుకుందా!"

మర్నాడు పొద్దున మామయ్యగారు ఉబ్బిన దవడతోనే నడవలో నిలబడి కేకేశారు. ఈసారి 'తీశాం' అని అందరికన్నా ముందు అరిచింది కోడలే. ఠప్‌మంది, గురగురమంది, టక్‌మంది. అమ్మమ్మగారు తువ్వాలేసుకుని గదిలోంచి బయటికొచ్చి, తలెత్తి, చేతులు ఊపుకుంటూ తిన్నగా నడిచి లోపలికెళ్లింది. తలుపు పడింది. కోడలు, మామయ్యగారు ఒకరి మొహం ఒకరు చూడకుండా, చెరో గోడకి ఆనుకుని ఎదురుచూశారు. లోపల గడియ పడిన చప్పుడయ్యాక గానీ ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

స్నానం అయ్యాక అమ్మమ్మగారు కిటికీ దగ్గర ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ కోడల్ని పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ లేరు కదా అని రెండుసార్లు అడిగి, చెయ్యి పట్టుకుంది.

"నిన్న నా సంగతి నీకు తెలిసిపోయింది కాబట్టి ఇంకోటి కూడా చెప్తున్నా. నీ కడుపులోనే పెట్టుకో. మీ మామగారికి ఒంట్లో బాగాలేదు."

"ఏమైంది అమ్మమ్మగారూ?"

"ఇక్కడ." తన కణత మీద వేలితో తట్టుకుంది. "ఆ ఊరు వదిలొచ్చిన దిగులు తలకెక్కింది పాపం. లేకపోతే ఎక్కడైనా మనిషి కుళాయిలు మోసుకొస్తాడా? రోజంతా ఆ వోల్టుల గోలే. మీ అత్తయ్య కసురుతుంది, కొడుకు తప్పించుకుని తిరుగుతాడు. నేనే, రోజూ పొద్దున్నే నాలుగు మాటలు కలిపి, ఆ చల్లారిన నీళ్లు బాగున్నాయని పోసుకుని, ఆయన పెద్దగా చదివే పేపరు ఓపిగ్గా వింటున్నా. నాకు పేపరు మీద ఏమంత సరదా? ఆ మనిషి బెంగపెట్టుకోకూడదని."

కోడలు పెదవి గట్టిగా కొరుక్కుంది.

"నవ్వుతున్నావా?"

"లేదండీ."

"నవ్వకూడదు. మంచి మనిషి. ఎదురు చెప్పకుండా, మనం చూసుకుంటున్నట్టు ఆయనకి తెలీకుండా చూసుకోవాలి, తెలిసిందా?"

"తెలిసిందండీ."

అవతల గదిలోంచి మామయ్యగారి గొంతు వినిపించింది, దవడ వాపుతో ముద్దముద్దగా. "అత్తయ్యా! పేపరొచ్చింది. ఇవాళ చాలా వార్తలున్నాయి!"

"వస్తున్నానయ్యా!" అని అమ్మమ్మగారు గట్టిగా బదులిచ్చి, లేస్తూ, కోడలి చెవిదగ్గర గొంతు తగ్గించింది.

"చూశావా? పన్ను పీకించుకుని కూడా ఊరుకోలేడు. నేను లేకపోతే ఏమైపోతాడో."